సందు మొదట్లో రెండు రాళ్ళు

కిందటి వారం మంగళవారం మా సందులోకి శవవాహనం వచ్చింది. తిన్నగా మాస్టారి గుమ్మం దాకా వచ్చి ఆగింది. అరుగు కింద నిలబడ్డవాళ్ళలో ఒకాయన, ఈ వీధికి కొత్తవాడిలా ఉన్నాడు, "సందు ఇరుకైనా బండి బాగానే పట్టిందండీ" అన్నాడు. మూడేళ్ళ క్రితమైతే ఆ బండి మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయేది. అప్పుడు మా సందు మొదట్లో రెండు రాతి స్తంభాలుండేవి. వాటిని పెట్టించిన మనిషే ఇప్పుడు బండెక్కి సాఫీగా వెళ్ళిపోయాడు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద అని నాకూ తెలుసు. ఆ మర్యాద పాటించడానికి రెండు రోజులు ప్రయత్నించాను. కుదరలేదు.

మాస్టారు నాకు బాపట్లలో తొమ్మిదో తరగతి తెలుగు చెప్పారు. పొడుగ్గా, నిటారుగా ఉండేవారు. ఇస్త్రీ పంచె, జేబులో రెండు పెన్నులు. ఎర్ర సిరాది మా కోసం, నీలం సిరాది తన కోసం. పాఠం బాగా చెప్పేవారా అని అడిగితే, గొంతు బాగుండేదని చెప్పగలను. పద్యం చదివితే పక్క తరగతి పిల్లలు కూడా నిశ్శబ్దమైపోయేవారు. ఆ గొంతుకి పడిపోయే చాలామంది ఆయన్ని పండితుడన్నారు. నేనూ పడిపోయాను.

ఆయనకి ఇష్టమైన పాఠం పర్యాయపదాలు. అందులోనూ ఒక్క పదం మీద ప్రాణం. అడ్డు. గంట కొట్టగానే తరగతి గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులూ రెండు ద్వారబంధాలకి ఆనించి నిలబడేవారు. ఆలస్యంగా వచ్చిన పిల్ల ఎదురుగా ఆగితే, "ఇప్పుడు నేను నీకు ఏమిటి?" అని అడిగేవారు. ఆ పిల్ల 'అడ్డు'కి ఇంకో మాట చెప్పాలి. ముందొచ్చినవాళ్ళు చెప్పింది చెప్పకూడదు. మొదటి పిల్ల ఆటంకం అంటే చెయ్యి తీసి లోపలికి పంపేవారు. రెండో పిల్ల అవరోధం అనేది. మూడో పిల్లకి అంతరాయం దొరికేది. నాలుగో పిల్లకి ఏమీ దొరికేది కాదు. ఆ పిల్ల పీరియడంతా వరండాలో నిలబడి కిటికీ ఊచల్లోంచి పాఠం వినేది.

మధ్యలో తేడాలు కూడా వివరించేవారు. మొదలుపెట్టకముందే వచ్చేది విఘ్నం. నడుస్తున్న పని మధ్యలో వచ్చేది అంతరాయం. నడిచే మనిషికి ఎదురుగా నిలిచేది అవరోధం. కాలు కదలనివ్వకుండా కట్టేసేది ప్రతిబంధకం. అన్నీ ఆగిపోతే స్తంభించడం, అది స్తంభం నుంచే వచ్చింది. ఇవన్నీ నేను నోట్సులో రాసుకుని కంఠతా పట్టాను. తర్వాత నేనే తెలుగు టీచర్నయ్యి నిఘంటువులు తిరగేస్తే, అందులో సగం తేడాలు ఆయన అక్కడికక్కడ కల్పించినవేనని తెలిసింది. కానీ అప్పుడు నాకు పదకొండు మాటలు వచ్చు. అందుకే నేనెప్పుడూ వరండాలో నిలబడలేదు.

మా తరగతిలో ఒకమ్మాయి పక్క ఊరి నుంచి బస్సులో వచ్చేది. ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైంది.

"గేటు పడిందండి" అంది, రొప్పుతూ.

"గేటు పడిందా? పడి విరిగిందా? ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"లేదండి. రైలొస్తందని గేటు పడిందండి."

"గేటు వేశారు అనాలి. గేటు దానంతటది పడదు. కర్త ఉంటాడు. కర్తని మింగేయకూడదు."

తరగతంతా నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ పిల్ల ఆ పీరియడంతా బయటే ఉంది. పరీక్షల తర్వాత బడి మానేసింది. ఆయన వల్లనే మానేసిందని చెప్పలేను గాని, ఆ నవ్వు మాత్రం నాకిప్పటికీ వినపడుతుంది.

నేను పెళ్ళయి తెనాలి వచ్చాను. రేపల్లెలో ఒక హైస్కూల్లో ఉద్యోగం. పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళి, సాయంత్రం తిరిగొస్తాను. మేం అద్దెకి దిగిన కొన్నేళ్ళకి, రిటైరైన మాస్టారు అదే సందులో ఇల్లు కట్టుకుని వచ్చారు. నన్ను చూసి సంతోషించారు. నేను ఇంకా ఎక్కువ సంతోషించాను. సన్మాన సభలకని ఆయన అప్పుడప్పుడు రేపల్లె వచ్చేవారు. అప్పుడు నాతోపాటే రైల్లో ప్రయాణం. కూర్చోవడానికి సీటున్నా ఆయన తలుపు దగ్గరే నిలబడేవారు, గాలికి.

ఒకరోజు బండి రేపల్లెలో ఆగింది. నిజాంపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి ఊళ్ళమ్మట అమ్ముకునే ఒకామె, నెత్తి మీద ఖాళీ తట్టతో దిగాలని వచ్చింది. దిగే తొందర లేనట్టు ఆయన గుమ్మంలో నిలబడే ఉన్నారు.

"కాస్త జరుగయ్యా" అందామె.

"జరగడం అంటే ఏమిటమ్మా? సంఘటన జరుగుతుంది. సభ జరుగుతుంది. మనిషి తప్పుకుంటాడు."

ఆమె తట్ట ఒక చేత్తో పట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు జరక్కపోతే ఇప్పుడు ఇక్కడ సంఘటనే జరుగుద్ది" అంది. భుజంతో ఒక్క తోపు తోసి దిగిపోయింది. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన పంచె సర్దుకుంటూ నా వైపు తిరిగి, "భాష భ్రష్టు పట్టిపోయిందమ్మా" అన్నారు. నేను తలూపాను. పక్కకి కదలడానికి 'జరగడం' అనే మాట మన పెద్దవాళ్ళంతా వాడిందే, తప్పేమీ లేదు. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. అయినా తలూపాను.

ఇక రాళ్ళ సంగతి.

మా సందులో ఎనిమిది ఇళ్ళు. చివరి ఇల్లు సుభానీది. మెయిన్ రోడ్డు మీద అతనికి వెల్డింగు షాపు ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవాడు. భార్య కరీమూన్ ఇంట్లో జాకెట్లు కుట్టేది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. ఇల్లు చివరన ఉండటంతో సరుకుల ఆటో, చుట్టాల ఆటో మాస్టారి అరుగు ముందునించే వెళ్ళేది. హారన్ మోత ఆయనకి పడేది కాదు. నన్ను పిలిచి మునిసిపాలిటీకి అర్జీ రాయించారు. ఆయన చెప్పడం, నేను రాయడం. "ఈ సందునందు వాహన సంచారము వలన గృహస్థుల ప్రశాంత జీవనమునకు అంతరాయము కలుగుచున్నందున..." అని మొదలైంది. నా చేతిరాత చూసి, "తొమ్మిదో తరగతిలో ఎలా ఉందో అలాగే ఉందమ్మా" అని మెచ్చుకున్నారు. ఆ మెప్పుకి పొంగిపోయి మర్నాడు క్లాసులో కూడా హుషారుగా పాఠం చెప్పాను.

అర్జీకి జవాబు వచ్చేదాకా ఆగే మనిషి కాదు ఆయన. రెండు వారాల్లో ఇద్దరు కూలీలని పెట్టి సందు మొదట్లో రెండు రాతి స్తంభాలు దింపించారు. మధ్యలో రెండున్నర అడుగుల ఖాళీ. స్కూటరు పడుతుంది. ఆటో పట్టదు. ఎవరినీ అడగలేదు. ఆయన వయసు చూసి, గొంతు చూసి ఎవరూ ఏమీ అనలేదు.

సుభానీ ఒక్కడే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"మాస్టారూ, రాళ్ళు వద్దండి. ఇనప పైపు పెడదాం. కింద బోల్టు పెట్టి తాళం వేసుకుందాం. అవసరమొస్తే పీకి పక్కన పెట్టుకోవచ్చు. నేనే చేసిస్తానండి."

"తీసేయగలిగేది అవరోధం ఎలా అవుతుందయ్యా? పదానికి సార్థకత ఉండాలి."

"సార్థకతో ఏంటో నాకు తెలవదండి. మనిషికి బాగోకపోతే ఎట్టా అని."

"బాగోకపోతే నాలుగడుగులు నడిపించుకెళ్ళు. నడిస్తే ఆరోగ్యం."

సుభానీ నా వైపు చూశాడు. నేనేమైనా అంటానేమో అనుకున్నట్టున్నాడు. నేను చేతిలో ఉన్న పుస్తకం అట్ట చూసుకున్నాను.

ఆ తర్వాత వేసవిలో ఒక ఆదివారం, పొద్దున పది గంటలప్పుడు, కరీమూన్ కేక వినపడింది. వెళ్ళేసరికి సుభానీ గుండె పట్టుకుని గోడకి జారగిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. ఎవరో ఆటోని పిలుచుకొచ్చారు. అది స్తంభాల దగ్గర ఆగిపోయింది. అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మగవాళ్ళు ఎత్తుకుని పరుగెత్తారు. కరీమూన్ అతని తల వెనక చెయ్యి పెట్టి పక్కన పరుగెత్తుతోంది. రాళ్ళ మధ్యకి వచ్చేసరికి కుర్చీ చేతులు, పట్టుకున్నవాళ్ళ చేతులతో సహా ఇరుక్కున్నాయి. ముందుకి రాలేదు, వెనక్కి పోలేదు. మోసేవాళ్ళు తిప్పి చూశారు, పైకెత్తి చూశారు.

"జామైపోయింది, కుర్చీ జామైపోయింది" అని ఒకతను అరిచాడు.

మాస్టారు అరుగు మీదే ఉన్నారు. పేపరు మడిచి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"'ఇరుక్కుంది' అనండి. మన మాట ఉండగా జామేమిటి" అన్నారు.

కోపంగా కాదు. వెటకారంగానూ కాదు. దగ్గొస్తే దగ్గినట్టు అన్నారు. నేను ఆయనకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ మాట నాతో ఇంకెవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

వేరే దారి లేక సుభానీని కుర్చీలోంచి దింపారు. లేచి నిలబడ్డాడు. రాయి పట్టుకుని రెండడుగులు వేశాడు. మూడో అడుగులో ముందుకి పడిపోయాడు. నుదురు రెండో రాయికి తగిలింది.

గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. గుండె మాత్రం సగమే పని చేస్తోందన్నారు. ఆ స్థితిలో నిలబెట్టి నడిపించకుండా ఉండాల్సిందని డాక్టరు కరీమూన్‌తో అన్నాడట. సుభానీ మళ్ళీ వెల్డింగు పట్టలేదు. బరువెత్తకూడదు, వేడి దగ్గర నిలబడకూడదు. షాపు వేరేవాళ్ళ చేతికి పోయింది.

అతను పడిపోయిన ఐదో రోజు కరీమూన్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. స్నానం చేసి, చీర బిగించి కట్టుకుని, షాపులోంచి గునపం తెచ్చింది. ఎండెక్కిన వేళ, అందరూ చూస్తుండగా, మొదటి రాయి చుట్టూ సిమెంటు పగలగొట్టడం మొదలుపెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. కాసేపటికి ఎదురింటి ఆవిడ పలుగు తెచ్చింది. ఇంకొకావిడ నీళ్ళు తెచ్చి మట్టి తడిపింది. మధ్యాహ్నానికి రెండు రాళ్ళూ రోడ్డు పక్క కాలవ గట్టు మీద పడున్నాయి. నేను సాయం పట్టానని రాయాలని ఉంది. పట్టలేదు. బడికి వేసవి సెలవులే అయినా, కిటికీ దగ్గర నిలబడి చూశాను.

సాయంత్రం మాస్టారు నన్ను పిలిపించారు. తెల్ల కాగితాలు, అట్ట సిద్ధంగా ఉన్నాయి. మళ్ళీ అర్జీ. ఆయన భార్య కాఫీ తెచ్చింది. నేను ఆవిడని పిన్నిగారూ అని పిలుస్తాను. సన్నగా, వంచిన తలతో ఉండేది. ఆవిడ గొంతు నేను సరిగ్గా విన్నది తక్కువ. కప్పు నా చేతికిస్తూ, "ఏమండీ, పాపం సుభానీకి..." అని మొదలుపెట్టింది.

"పాపం అనేది నామవాచకం. దాంతో వాక్యం మొదలుపెట్టకు" అన్నారు ఆయన.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన చెప్పసాగారు. "మార్గ రక్షణార్థము నెలకొనియున్న శిలా స్తంభములను పై స్త్రీ బుద్ధిపూర్వకముగా ఉత్పాటనము గావించి..." నేను రాశాను. నెలకొనియున్న అన్నచోట పెన్ను ఆగింది. రాళ్ళు వాటంతటవే నెలకొన్నట్టుంది ఆ వాక్యం. ఎవరు పెట్టారో అందులో లేదు. బాపట్లలో ఒక పిల్లని గంటసేపు వరండాలో నిలబెట్టింది ఈ తప్పుకే. నాకు తెలిసింది. తెలిసీ రాశాను. ఎందుకు రాశావని నన్నెవరైనా అడిగితే, నలభై దాటిన నా వయసు ఆయన ముందు కూర్చున్నప్పుడు ఎక్కడికో పోయేదని మాత్రమే చెప్పగలను. అది సమాధానం కాదు. సిగ్గుమాలినతనం.

వారం తర్వాత మునిసిపాలిటీ నుంచి ఒక ఆఫీసరు విచారణకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మాస్టారి అరుగు మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కరీమూన్‌ని పిలిచారు. చేతిరాత నాదని మాస్టారు చెప్పడంతో నన్నూ పిలిచారు. ఆఫీసరు అర్జీ రెండుసార్లు చదివి నుదురు రుద్దుకున్నాడు.

"ఏమ్మా, ఏం జరిగింది?" అని కరీమూన్‌ని అడిగాడు.

"రాళ్ళు అడ్డమండి. మా ఆయన్ని కుర్చీలో మోసుకొస్తే పట్టలా. దింపితే పడిపోయాడు. మళ్ళీ ఇంకోళ్ళకి అట్టా కాకూడదని పీకేశా. నేనే పీకానండి, ఇంకెవర్నీ అనబాకండి."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "మేడం, మీరు తెలుగు టీచరంట. ఇందులో ఏముందో నాకు మామూలు మాటల్లో చెప్పండి."

సందులోవాళ్ళంతా గుమిగూడి ఉన్నారు. మాస్టారు నా వైపు చూస్తున్నారు, పాఠం అప్పజెప్పే పిల్లని చూసినట్టు. కరీమూన్ మాత్రం నన్ను చూడటం లేదు. నా మీద ఆమెకి ఆశ లేదు. అది చూశాక నాకు నోరు వచ్చింది.

"ఇందులో ఉన్నది తక్కువండి. లేనిది చెబుతాను. ఆ రాళ్ళు మాస్టారే నాటారు. ఎవర్నీ అడగలేదు. పర్మిషన్ లేదు. ఆటో పట్టకుండా కావాలనే నాటారు. సుభానీ తాళం పైపు చేసిస్తానన్నా ఒప్పుకోలేదు. ఈ కాగితం నేనే రాశాను. రాయకుండా ఉండాల్సింది."

మాస్టారి ముఖం ఎర్రబడింది. చూపుడు వేలు ఎత్తారు.

"నాటడం మొక్కలకి వాడతారు. రాళ్ళని పాతుతారు" అన్నారు.

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. "అయితే మీరే పాతారన్నమాట" అని రాసుకున్నాడు.

ఆయనకి అప్పటికి అర్థమైంది. చెయ్యి దించారు. కరీమూన్ మీద ఏ చర్యా లేదని, రాళ్ళు లారీలో తీసుకెళ్ళిపోతారని ఆఫీసరు చెప్పి లేచాడు. మర్నాడే తీసుకెళ్ళారు.

ఆ తర్వాత మూడేళ్ళూ మాస్టారు నాతో మాట్లాడలేదు. నాకది హాయిగా ఉంది. డాక్టరు చెప్పాడని సుభానీ రోజూ పొద్దున్న సందులో నెమ్మదిగా ఆ చివరికీ ఈ చివరికీ నడిచేవాడు. ప్రతిసారీ ఆ అరుగు ముందునుంచే. మొదట్లో నేను కనిపెట్టుకుని చూశాను, ఒక్క మాట అంటారేమోనని. బాగున్నావా అంటే చాలు. క్షమించమనడానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో ఆయనకి నా కంటే బాగా తెలుసు. పేపరు ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకునేవారు. కొన్నాళ్ళకి చూడటం మానేశాను.

ఇప్పుడు బాపట్లలో సంతాప సభ పెడుతున్నారు. పాత విద్యార్థులు ఫోన్ చేశారు. "మీరు ఆయన ప్రియ శిష్యురాలు కదండీ, రెండు మాటలు మాట్లాడాలి" అన్నారు. రానన్నాను. ఒంట్లో బాగాలేదా అన్నారు. బాగానే ఉందండి, రాను అన్నాను.

పదో రోజు అయిపోయిన మర్నాడు, స్టేషన్‌కి బయల్దేరి ఆ ఇంటి ముందునుంచి వెళ్తున్నాను. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్, ఒక్కసారి రా" అని పిలిచింది. వెళ్ళాను. ఏదో కాగితం రాసిపెట్టమంటుందేమో అనుకున్నాను. అలాంటిదేమీ లేదు. చాప వేసి కూర్చోబెట్టింది.

"ఆ రోజు ఆఫీసరు ముందు నువ్వు చెప్పింది తలుపు వెనకాల నుంచుని విన్నాను. ఆయన ఎదురుగా ఒక మనిషి నాలుగు వాక్యాలు ఆగకుండా చెప్పటం నేను వినటం అదే మొదలు" అంది.

నేను సంచీ ఒళ్ళోకి తీసుకున్నాను.

"నేను మట్టుకు నలభై ఏడేళ్ళలో ఒక్క మాట కూడా కొసాకు చెప్పలేదమ్మాయ్. ఈ మాట ఇట్టా కాదు, ఆ మాట అట్టా కాదు. కొన్నాళ్ళకి మొదలెట్టటమే మానేశా. మా అమ్మ పోయినప్పుడు ఆవిడ గురించి చెప్పుకుందామన్నా చెప్పనియ్యలా."

"ఇప్పుడు చెప్పండి పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ నమ్మనట్టు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. రేపల్లె దగ్గర నగరం అనే ఊరి పక్కన వాళ్ళ ఊరు. వాళ్ళమ్మకి గేదెలంటే ఎంత ఇష్టమో. ఒకసారి తుపానుకి ఇల్లు కూలితే వాళ్ళమ్మ ముందు గేదె పలుపు విప్పి, తర్వాత పిల్లల్ని లేపిందట. అది చెబుతూ ఆవిడ నవ్వింది. మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆగింది, ఎవరైనా సరిదిద్దుతారేమోనన్నట్టు, అలవాటుగా. ఎవరూ దిద్దకపోయేసరికి మళ్ళీ అందుకుంది. గొంతు మెల్లగా పెరుగుతోంది. రేపల్లె బండికి ఇంకో పది నిమిషాలే ఉంది. నేను ఫోన్ తీసి స్కూలుకి సెలవని మెసేజ్ పెట్టి, సంచీ పక్కన పెట్టుకున్నాను.

"తర్వాత గేదె ఏమైందండీ?" అని అడిగాను.